మోగని చక్రం

నాకు ప్రశాంతి అని పేరు పెట్టినవాళ్ళు నా నోరు ఎలాంటిదో తెలియక పెట్టేశారు. ఖరగ్‌పూర్‌లో సాలువా వెళ్ళే రోడ్డు మీద నాన్నా నేనూ కలిసి టైర్ల షాపు నడుపుతున్నాం. లారీ డ్రైవర్లు నా ముందు దీదీ అంటారు, వెనక ఇంకేదో అంటారు. అంటే అననీ. అలాంటిదాన్ని, విశ్వకర్మ పూజకి ముందురోజు మధ్యాహ్నం ఆ కారు మా షాపు ముందు ఆగినప్పుడు మాట పడిపోయి నిలబడ్డాను. "దీదీ నోరు మూతపడిపోనాది, పోటో తియ్యండర్రా!" అని మా మెకానిక్ ఏబెల్ అరిచాడట. నాకు వినపడనే లేదు.

పసుపుకొమ్ము రంగు కారు. దాని పైకప్పు నా నడుం దాటి లేదు. ఖరగ్‌పూర్‌లో పుట్టినవాళ్ళకి బరువంటే కొత్త కాదు. ఇంజన్లూ వ్యాగన్లూ క్రేన్లూ చూస్తూ పెరిగాం. కానీ ఇంత కొంచెం లోహంలో ఇంత ఉరుకు దాచిపెట్టవచ్చని మాకు ఎవరూ చెప్పలేదు. ఆగిపోయాక కూడా దాని వెనక గాలి వేడికి వణుకుతూనే ఉంది. పక్కకొట్టులో జిలేబీ వేస్తున్నాయన మూకుడు వదిలేసి వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

మురుగుకాలవ మీది పలక ఎక్కాలంటే కారు కడుపు రాసుకునేలా ఉంది. ఏబెల్ పరిగెత్తి, రైల్వే వేలంలో కొన్న పాత స్లీపరు చెక్కలు తెచ్చి వాలుగా పరిచాడు. ఒకప్పుడు రైళ్ళు మోసిన చెక్కలవి. వాటి మీదుగా ఆ కారు, కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని బురద దాటే పెద్దింటి కోడలిలా, మెల్లిగా లోపలికి వచ్చింది.

తలుపు పైకి లేచింది. దిగింది అక్షిత. సుభాష్‌పల్లిలో ఉండే పరబ్రహ్మం మాస్టారి అమ్మాయి. చిన్నప్పుడు తెలుగు బళ్ళో నా పక్కనే కూర్చునేది. ఇప్పుడు కలకత్తాలో సొంత కంపెనీ నడుపుతోంది.

"ఏమే, పలకవా?" అంది.

"నోరు రాటంలేదే. దీన్నేటి, నువ్వే తోలుకొచ్చినావా?"

"లేదు, నెత్తిన పెట్టుకుని మోసుకొచ్చాను."

పోయిన చలికాలంలో ఈ కారుని పాతదే కొనుక్కుంది. కొన్న కొత్తలోనే హైవే మీద ఏదో గుంతలో పడి ఒక చక్రానికి పగులొచ్చింది, ఇంకోటి వంగింది. ఎలాగోలా సరిచేయించుకుని నడుపుతూ, ఈసారి కంపెనీవి కాకుండా వేరే చక్రాలు వేయిస్తానని నాకు ఫోన్ చేసింది. అక్కణ్ణుంచి రోజూ ఫోటోలే. అద్దంలా మెరిసేవి, బంగారు పూతవి, తామరరేకుల్లా విచ్చుకున్నవి. "కారుకా, కల్యాణమండపానికా?" అని తిట్టాను. చక్రం ఎంత తేలికైతే బండి నేలని అంత బాగా అంటిపెట్టుకుంటుంది. కాలికి ఇటుక కట్టుకుని పరిగెత్తేవాడూ ఉత్తకాళ్ళతో పరిగెత్తేవాడూ ఒకటి కాదు కదా. బోల్టు కన్నాల కొలత, బ్రేకు చుట్టూ ఖాళీ, చక్రం బయటికి ఎంత రావాలి లోపలికి ఎంత పోవాలి, అన్నీ చూసి చూసి చివరికి కార్బన్ ఫైబర్ చక్రాలు తెప్పించమని చెప్పాను.

చెప్పింది నేనే. కానీ అవి నేను కళ్ళతో చూసినవీ కావు, చేత్తో ముట్టుకున్నవీ కావు. చదివీ, వీడియోలు చూసీ చెప్పాను. అక్షిత మారుమాట లేకుండా తెప్పించి మా షాపుకే పంపించింది. "నువ్వు ఎంచావు, నువ్వే బిగించు" అంది. ఆ నమ్మకానికి అప్పుడే కొంచెం భయమేసింది.

తనొచ్చాక పెట్టెలు విప్పాం. నల్లటి చక్రాలు. బొగ్గు నలుపు కాదు. లోపల చాప అల్లినట్టు పోగులు నిలువుగా అడ్డంగా కనిపిస్తున్నాయి. వెలుగు ఎటు పడితే అటు ఆ అల్లిక కదులుతోంది. నేను అలవాటుకొద్దీ నడుం బిగించి ఒకదాన్ని ఎత్తి, వెనక్కి తూలిపోయాను. బరువు లేదు! అంత వెడల్పు చక్రం, ఆ కారుని గాలివేగంతో మొయ్యాల్సిన చక్రం, నా చేతుల్లో పొంగిన పూరీలా ఉంది. దించకుండా అలాగే కాసేపు పట్టుకున్నాను.

"ఇందులో ఏటీ లేదేటే?" అన్నాను.

"నువ్వేగా ఎంచావు, నన్నడుగుతావేంటి?" అంది అక్షిత.

అప్పుడు నాన్న వచ్చాడు.

నాన్న పేరు దేముడు. విజయనగరం వైపు నుంచి వచ్చిన మా తాత చేరిన రైల్వే వర్క్‌షాపులోనే నాన్న కూడా చేరి, ఉద్యోగమంతా చక్రాల దగ్గరే చేసి రిటైరయ్యాడు. అక్కడ రైలు చక్రాన్ని చిన్న సుత్తితో తట్టి వింటారు. బాగున్న చక్రం గంటలా ఖంగుమంటుంది. పగులున్నది థప్‌మని ఊరుకుంటుంది. నాన్నా, ఆయనతో జోడీగా పనిచేసిన సూసన్నా, ఇద్దరూ అలా విని విని ఎన్ని చక్రాలకి ప్రాణం ఉందన్నారో, ఎన్నిటికి లేదన్నారో. షాపు పెట్టాక అదే మాకు ఆనవాయితీ అయింది. ఏ చక్రమైనా నాన్న సుత్తికి మోగి, దాని మీద నాన్న సుద్దగీత పడితేనే బండికి ఎక్కుతుంది. స్కూటరుదైనా సరే.

నవ్వేవాళ్ళు నవ్వుతారు. ఒకసారి స్కూలు వ్యాను చక్రం మోగలేదని నాన్న పక్కన పెట్టించాడు. పైకి నున్నగా ఉంది. డ్రైవరు సణుక్కుంటూ వేరేది వేయించుకున్నాడు. పాతదాన్ని ఏబెల్ కోసి చూస్తే లోపల వెంట్రుకంత పగులు. ఆ తర్వాత మా షాపులో ఎవరూ నవ్వలేదు.

నాన్న ముందు కారు చుట్టూ తిరిగాడు. చెప్పులు బయట విడిచి తిరిగాడు, నేను చూశాను.

"ఇంజినేది తల్లీ?"

"వెనకుంది మావయ్యా."

"ఎనకాలా? గూడ్సుబండి కొండ ఘాటు ఎక్కినప్పుడు ఎనకాల తొయ్యడానికి బేంకరని ఇంకో ఇంజిను తగిలిస్తారు, అలాగన్నమాట." వంగి చూశాడు. "ముందు సెక్రం సిన్నది, ఎనకది పెద్దదీనా? బాగున్నాది. పాత స్టీమింజిన్లకీ అంతే." అప్పటిదాకా ఆయనకి అన్నీ నచ్చాయి. జేబులోంచి సుత్తి తీశాడు.

అక్షిత గొంతు మారిపోయింది. "మావయ్యా, సుత్తా? దాని మీదా?"

"కొట్టనమ్మా. పలకరిస్తాను, అంతే."

చక్రాన్ని నిలబెట్టి, చెవి వంచి, సుత్తి మొనతో మెల్లిగా తట్టాడు. థప్.

నాన్న కనుబొమలు ముడిపడ్డాయి. చోటు మార్చి తట్టాడు. థప్. రెండోది తెమ్మన్నాడు. మూడోది. నాలుగోది. ఒక్కటీ మోగలేదు. నాన్న లేచి నిలబడ్డాడు. మొహంలో నెత్తురు లేదు.

"ఇయి సచ్చిపోయిన సెక్రాలమ్మా. నాలుగూను."

"నాన్నా, ఇది ఇనుము కాదు. దీనికి మోత ఉండదు" అన్నాను.

"మోగని సెక్రం ఉంటాదేటే?"

"ఉంటాది. నాను సదివినాను."

"పరీక్ష చేసినట్టు కంపెనీ కాగితాలున్నాయి మావయ్యా, చూడండి" అని అక్షిత ఫోన్ చూపించింది.

"కాయితం మోగదు తల్లీ" అన్నాడు నాన్న. సుద్దముక్క జేబులో వేసుకుని, బయట బెంచీ మీద కూర్చుని రోడ్డు వైపు తిరిగిపోయాడు.

అక్షిత నన్ను పక్కకి పిలిచింది. "నేను చెప్పేది ఒక్కటే. నువ్వు వెయ్యొచ్చంటే వేసుకుని వెళ్తాను. వద్దంటే పాతవాటితోనే వెళ్తాను. నువ్వు చెప్పు."

నేను చెప్పలేకపోయాను. నోటికి హద్దూ అదుపూ లేని నేను! నాన్న మాట నిజమైతే, నేను ఎంచిన చక్రం మీద నా స్నేహితురాలు హైవే మీద ప్రాణం పెట్టుకుని వెళ్తుంది. నాన్న మాట తప్పయితే అది ఇంకో రకం కష్టం. ఈమధ్య ఇంట్లో టీవీ సౌండు పెంచుతున్నాడు. వెనకనుంచి పిలిస్తే ఒక్కోసారి పలకడం లేదు. సుద్దగీత లేని చక్రాన్ని నేను బండికి ఎక్కించానంటే, నీ చెవి పోయింది నాన్నా, నీ పని అయిపోయింది అని నలుగురిలో చెప్పినట్టే. ఆ తర్వాత ఆయన షాపుకి రాడు. వచ్చినా కూర్చుంటాడు, అంతే. కార్బన్ మోగదని చదివింది నా తలలో ఉంది. నాన్న మాట నా ఎముకల్లో ఉంది. ఏది వినాలో తెలియలేదు.

"పూజ అయ్యాక చెప్తాను" అన్నాను. ఏబెల్ ఈలోగానే పాతవి ఊడదీసేసిన కారు స్టాండ్ల మీద, చక్రాల్లేకుండా, అలాగే ఉండిపోయింది.

విశ్వకర్మ పూజనాడు మా ఊళ్ళో పనిముట్టు ముట్టుకోవడం ఉండదు. వర్క్‌షాపు గేట్లు తెరుస్తారు, ఇంటిల్లిపాదీ వెళ్ళి మగవాళ్ళు ఏడాదంతా ఏ యంత్రాల మధ్య ఉంటారో చూసి వస్తారు. చిన్నప్పుడు నేనూ వెళ్ళేదాన్ని. పైన క్రేనుకి వేలాడుతూ రైలు చక్రాల జత మా తలల మీదుగా పోతుంటే, నాన్న నన్ను వెనక్కి లాగి "దీన్ని మనిషి ఎత్తలేడమ్మా, దేవుడే ఎత్తాలి" అనేవాడు. ఆయన గొంతులో భయమూ గర్వమూ రెండూ ఉండేవి.

ఈసారి వర్క్‌షాపు చూసినవాళ్ళంతా మా షాపుకీ వచ్చారు. కారు సంగతి ఊరంతా పాకింది. ముసలమ్మలు వచ్చి దూరం నుంచే దండం పెట్టుకున్నారు. చక్రాల్లేని చోట అన్నం కంచాలంత బ్రేకు పళ్ళాలు కనిపిస్తుంటే రైల్వే పెద్దాళ్ళు వంగి వంగి చూసి తలలాడించారు. ఎవరో జోగమ్మ అనే ఆవిడ బానెట్‌కి బొట్టు పెట్టబోతే అక్షితే తల వంచి, "నాకు పెట్టండి, దానికి వద్దు" అంది. అంతా నవ్వారు. నాన్న ఒక్కడూ నవ్వలేదు. ఆయన సుత్తి మిగతా పనిముట్లతో పాటు విశ్వకర్మ పాదాల దగ్గర, పూలకింద ఉంది. చేతులు ఖాళీగా ఉంటే నాన్నకి ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

పూజకి ముందు ఢాకీ, అంటే ఢాక్ అనే బెంగాలీ డోలు వాయించే అతను, వచ్చి, మూలన చక్రాల పక్కనే కూర్చుని, డోలు సరిచేసుకోవడం మొదలుపెట్టాడు. పుల్లతో అంచు దగ్గర ఒకచోట తడతాడు, వింటాడు, తాడు లాగుతాడు. కొంచెం జరిపి మళ్ళీ తడతాడు. అలా డోలు చుట్టూ తిరుగుతున్నాడు. నాన్న చూస్తూ చూస్తూ దగ్గరికి వెళ్ళాడు.

"కీ కొర్ఛో దాదా?" అని, ఏం చేస్తున్నావని బెంగాలీలో అడిగాడు.

అన్ని చోట్లా ఒకే శబ్దం రావాలి కాకా, అన్నాడు ఢాకీ. ఒక్కచోట తేడా వచ్చినా అక్కడ తోలు వదులైందన్నమాట, అక్కడే చిరుగుతుంది.

నాన్న అక్కడే గొంతుక్కూర్చుండిపోయాడు. అతను డోలు చుట్టూ పూర్తిగా తిరిగేదాకా కదల్లేదు. తర్వాత పక్కనున్న నల్ల చక్రం మీద చెయ్యి వేసి అంచు చుట్టూ తడిమాడు. నేను పళ్ళెంలో అరటిపళ్ళు సర్దుతూ చూస్తున్నాను. నాన్న లేచి నా దగ్గరికొచ్చి, పళ్ళెంలోంచి ఒక రూపాయి బిళ్ళ తీసుకున్నాడు.

"సుత్తి ముట్టకూడదు గాని, ఇది ముట్టొచ్చు కదేటి?" అన్నాడు.

చక్రాన్ని మోకాళ్ళకి ఆనించుకుని, బిళ్ళ అంచుతో తట్టాడు. టక్. వేలెడు జరిపి తట్టాడు. టక్. చుట్టూ వాగుతున్న జనాన్ని ఒక్కసారి తల తిప్పి చూశాడు. ఏబెల్ "సుప్ అవండర్రా!" అన్నాడు. అందరూ ఊరుకున్నారు. పక్క జిలేబీకొట్టు పాట కూడా ఎవరో ఆపేశారు. నాన్న అంచంతా తిరిగాడు. ప్రతి చువ్వ పైనుంచి కిందకి తిరిగాడు. లోపలి వైపు తిప్పి మళ్ళీ మొదలుపెట్టాడు. ఢాకీ కూడా డోలు పక్కన పెట్టి, చెవి ఇటు పడేసి కూర్చున్నాడు. ఒకచోట నాన్న ఆగి మళ్ళీ తట్టాడు. తట్టి, ఢాకీ మొహంలోకి చూశాడు. అతను తల ఊపాడు. నాన్న ముందుకి కదిలాడు.

నాలుగు చక్రాలూ అయ్యేసరికి పంతులుగారు పూజకి రమ్మని రెండుసార్లు పిలిచారు. ఎవరూ వెళ్ళలేదు.

నాన్న తలెత్తాడు. కళ్ళు మెరుస్తున్నాయి.

"ఇది గంట కాదే గుంటా, డోలు. డోలుని అట్టుకుని గంటలాగ మోగలేదేటని తిట్టినాను. ఎక్కడ తట్టినా ఒక్కటే మాట సెప్తన్నాది. ఎక్కడా అబద్దం లేదు." బిళ్ళ పళ్ళెంలో పెట్టేసి, నాకు మాత్రమే వినపడేలా అన్నాడు. "నిన్న అయి మోగకపోతే నాకేటనిపించినాదో తెలుసా? సెక్రాల సంగతి కాదు. నా సెవి సచ్చిపోనాదేమోనని బయమేసినాది. ఆ మాట అనలేక సెక్రాలు సచ్చిపోనాయన్నాను."

ఆయనకీ అదే భయం! ఇద్దరం పక్కపక్కనే ఉండి, ఒకే భయంతో, ఒకళ్ళకొకళ్ళం చెప్పుకోకుండా కూర్చున్నాం. నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నాకు కోపం వస్తుంది. "మరి టీవీ అంత గట్టిగా ఎందుకెడతావు?" అని అరిచాను.

"అందులో ఆళ్ళు గొణుగుతారే" అన్నాడు నాన్న.

మర్నాడు పొద్దున్నే పని మొదలుపెట్టాం. అంచు గీసుకోకుండా మెత్తటి పట్టీ వేసి ఏబెల్ టైర్లు ఎక్కించాడు. నేను గాలి కొట్టి, తూకం సరిచూశాను. ఎవరూ గట్టిగా మాట్లాడుకోలేదు, గుడిలో ఉన్నట్టే ఉంది. మూడు చక్రాలు బిగించాం. నాలుగోదాన్ని ఎత్తబోతే నాన్న నా భుజం మీద చెయ్యి వేశాడు.

"నానెత్తుతాను."

"నడుం నొప్పంటావు మళ్ళీ."

"ఎత్తనీ."

పక్కకి జరిగాను. నాన్న పంచె బిగించి, చక్రం ముందు నిలబడి, ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు. వంగి ఎత్తాడు. టైరుతో కలిపినా అది గుండెల దాకా ఇట్టే వచ్చేసింది. నాన్న నోరు తెరుచుకుంది. ఉద్యోగమంతా చక్రాల మధ్య బతికిన మనిషి. వాటిని దొర్లించాడు, తట్టాడు, విన్నాడు, క్రేనుకి తగిలించి దండం పెట్టాడు. షాపులో కూడా ఎత్తే పని నాదీ ఏబెల్‌దీ, ఆయన ఎత్తడం ఇదే మొదలు. చంటిబిడ్డని అందుకున్నట్టు గుండెకి ఆనించుకుని, అటూ ఇటూ మా మొహాలు చూశాడు. మేమూ చూస్తున్నామా లేదా అని. చూస్తున్నాం. ఏబెల్ టోపీ తీసేశాడు. అక్షిత ఫోన్ చేతిలో ఉండి కూడా ఫోటో తియ్యలేదు.

"అంకుల్, ఇంక పెట్టండి" అని ఏబెల్ మెల్లిగా అంటే గాని ఆయన కదల్లేదు. కన్నాలు కన్నాలకి సరిగ్గా కూర్చోబెట్టాడు. నేను బోల్టులు ఎదురెదురుగా బిగిస్తూ వచ్చాను. బిగింపు చాలిక అని రెంచి టిక్కుమనే లోపే, "అయిపోనాది, ఆపు" అన్నాడు. అప్పుడు టిక్కుమంది.

సుద్దముక్క తీసి, వెనక్కి తగ్గి, అక్షిత వైపు చూశాడు. "గీత ఎడితే పాడైపోద్దేమో తల్లీ? ఒద్దంటే మానేస్తాను."

"గీత లేకపోతే నేను బండి ఎక్కను మావయ్యా" అంది అక్షిత.

నాలుగు నల్ల చక్రాల మీదా నాలుగు తెల్ల గీతలు. స్లీపరు చెక్కల మీదుగా కారు రోడ్డెక్కింది. ముందు మెల్లిగా కదిలింది, గీతలు తిరుగుతూ కనిపించాయి. తర్వాత అక్షిత కొంచెం తొక్కింది. గీత కనపడ్డం మానేసి తెల్లటి పొగలాంటి సున్నా అయింది. ఆ తర్వాత మలుపు దాకా పసుపు రంగే, ఆ తర్వాత శబ్దమే. అది కూడా పోయేదాకా నాన్న చెవి అటే పెట్టి నిలబడ్డాడు.

లోపలికి వచ్చి స్టూలు మీద కూర్చుని, విజయనగరంలో కూతురి దగ్గరుంటున్న తన వర్క్‌షాపు జోడీ సూసన్నకి ఫోన్ చేశాడు.

"ఒరే సూసన్నా, నానురా. ఇయ్యాల సెక్రం ఎత్తినాన్రా."

అవతల ఆయన పెద్దగా నవ్వడం నాకూ వినపడింది. పొద్దున్నే తాగినావేటి అంటున్నాడు.

"తాగలేదురా. సేతుల్తో ఎత్తినాను, ఈ రెండు సేతుల్తో. క్రేను లేదు, ఏటీ లేదు." నాన్న తన అరచేతులు తిప్పి చూసుకుంటున్నాడు. వాటి నిండా సుద్దపొడి. "ఆఖరికి ఏటయినాదంటే, ఒరే... దింపబుద్ది కాలేదురా."

అవతల నవ్వు ఆగిపోయింది.